పంచారామాల ప్రశ్న మీద వచ్చిన ఫిర్యాదు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను మండపేట దగ్గర ఒక ఊళ్లోని శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. హోదాకు గ్రంథపాలకుణ్ణి, పనికి మాత్రం తాళం తీయడం నుంచి చిరిగిన పుస్తకాలకు అట్టలు వేయడం దాకా అన్నీ నేనే.

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి. ఏటా పిల్లలకు వ్యాసరచన పోటీలు పెట్టి ముగించేవారు. ఆ ఏడు పెద్దలకూ క్విజ్ పెట్టాను. మతం, చరిత్ర, వినోదం, మాటలతో ఆటలు, ఇవీ విభాగాలు. ఒక్కో ప్రశ్నను ఒక్కో చీటీ మీద రాసి, దాని వెనక జవాబు, అది దొరికిన పుస్తకం, పేజీ నంబరు వేశాను. చీటీలను కవరులో పెట్టి లక్క ముద్ర వేశాను. దాన్ని వేదిక మీద ఇద్దరు సాక్షుల ఎదుట విప్పి, వారి సంతకాలు తీసుకున్నాను.

చివరి రౌండుకు ఇద్దరు మిగిలారు. ఒకరు ప్రసాదరావు గారు, పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్ నడిపేవారు. రెండోవారు రూతమ్మ గారు. ఉప్పుడు బియ్యం మిల్లులో ధాన్యం ఆరబోసే పని. చదువు ఏడో తరగతితో ఆగింది. మిల్లు దిగాక రోజూ సాయంత్రం వచ్చి మూడు దినపత్రికలూ చదివి వెళ్లేవారు.

తొమ్మిది ప్రశ్నలు. ముందు గంట కొట్టినవారు జవాబు చెప్పాలి. ప్రొటెస్టంట్ల బైబిల్లో పుస్తకాలెన్ని అంటే ప్రసాదరావు గారు తడుముకోకుండా అరవై ఆరన్నారు. పంచారామాలేవంటే రూతమ్మ గారు ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, అమరావతి అని గుక్క తిప్పుకోకుండా చెప్పారు. బుర్రకథలో కథకుడితో కలిపి ఎంతమందన్నది ఆయనకు, ఒకప్పుడు యానాం ఎవరి ఏలుబడిలో ఉండేదన్నది ఆవిడకు దక్కాయి. ఎనిమిది ప్రశ్నలయ్యేసరికి నాలుగూ నాలుగూ. ఆఖరిది: ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే మూడక్షరాల మాటలు మూడు చెప్పాలి. ప్రసాదరావు గారు గంట కొట్టి "వికటకవి" అన్నారు. అది అయిదక్షరాలు. అవకాశం రూతమ్మ గారికి వెళ్లింది. కాసేపు కళ్లు మూసుకుని, "పులుపు, కునుకు, మడమండీ" అన్నారు.

నేను ఫలితం చదవకముందే ప్రసాదరావు గారు లేచారు.

"ఈవిడ రోజూ మీ దగ్గరే కూర్చుంటుంది. ప్రశ్నలు రాసిందీ మీరే. చర్చికెళ్లే ఆవిడకి పంచారామాలు అయిదూ వరసగా ఎలా వచ్చాయండీ, ముందే చూపించకపోతే?"

ఆయన అన్నదాంట్లో మొదటి రెండు మాటలూ నిజమే. కవరు దాచిన బీరువా తాళం చెవి కూడా నా ఒక్కడి దగ్గరే ఉండేది. వారోత్సవ సంఘం అధ్యక్షులు నా వైపు వంగి, "ఇద్దరికీ కలిపి మొదటి బహుమతి ఇచ్చేద్దామండీ, గొడవెందుకు?" అన్నారు. నేను కలం తీసి ప్రశంసాపత్రం మీద ప్రసాదరావు గారి పేరు రాయడం మొదలుపెట్టాను కూడా.

రూతమ్మ గారు నేరుగా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఆఖరి ప్రశ్నకి ఆయన చెప్పలేకపోయారండీ. నేను చెప్పాను. కలిపి ఇవ్వడం దేనికండీ?" అని, ఆయన వైపు తిరిగారు. "మా పెద్దమ్మాయిని పాలకొల్లు ఇచ్చామండీ. వాళ్లిల్లు ఆ గుడి వెనకాలే. మిగతా నాలుగూ అక్కడ గోడమీదే రాసుంటాయి. అది సరే గానీ, గుడికెళ్లే మీకు బైబిల్లో పుస్తకాలెన్నో ఎలా తెలిసిందండీ? మీకెవరు చూపించారు?"

"అది జనరల్ నాలెడ్జమ్మా."

"నాదీ అదేనండీ."

ప్రసాదరావు గారు కూర్చున్నారు. నేను రాస్తున్న కాగితాన్ని చింపి కొత్తది తీసుకున్నాను. మొదటి బహుమతి రూతమ్మ గారిదని మైకులో చెప్పి, బహుమతిగా పెట్టిన నిఘంటువును ఆవిడ చేతికిచ్చాను. ఫిర్యాదు ఉంటే సాక్ష్యంతో రాసి ఇవ్వాలని కూడా అందరూ వినేలా ప్రకటించాను.

ఆయన రాసి ఇచ్చారు. సాక్ష్యం మాత్రం జతచేయలేదు. పదిరోజులకు వివరణ కోరుతూ పై అధికారుల నుంచి నాకు మెమో వచ్చింది. చీటీలు, కవరు, సాక్షుల సంతకాలు జతచేసి జవాబు పంపాను. క్షమాపణ కోరలేదు. బహుమతి పంచబోయిన నా తప్పును మాత్రం రాశాను. అలా రాస్తే ఇంక్రిమెంటు పోతుందని తోటి ఉద్యోగులు చెప్పినా ఆ వాక్యం తీసేయలేదు. రెండు నెలలకు ఫైలు మూసేశారు.

ప్రశ్న అడిగే పని నాది. దానికి జవాబు ఎవరికి తెలిసి ఉండాలో నిర్ణయించే హక్కు నాకూ లేదు, ఫిర్యాదు చేసినవారికీ లేదు. గొడవ తప్పించుకోవడానికి ఒకరి గెలుపులో భాగం ఇంకొకరికి ఇస్తే అది రాజీ కాదు, తప్పుడు ఫలితం ప్రకటించడమే. ముప్పై ఏళ్ల సర్వీసులో ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది.