ఉప్పు ఏమంటాంది?

మా మామ ఆళ్లగడ్డలో అంగడి పెట్టుకున్నది ఉప్పు, బెల్లం, చింతపండు అమ్ముకోవడానికి. జనం మాత్రం వాన సంగతి కనుక్కోవడానికి వచ్చేవాళ్ళు. అంగడి ముందు ఒక రాతి తొట్టి, దాని నిండా కల్లుప్పు ఉండేది. మామ పొద్దున్నే స్నానం చేసి వచ్చి అందులో మణికట్టు దాకా చెయ్యి దూర్చేవాడు. ఉప్పు పొడిగా జారిపోతే ఆ రోజు వాన లేదు. అరచేతికి అంటుకుంటే గాలిలో చెమ్మ ఉన్నట్టు, ఉరుముల వాన దగ్గర్లో ఉన్నట్టు. “ఏమంటాంది శెట్టీ ఉప్పు?” అని రైతులు అడిగేవాళ్ళు. మామ మాట మీద చొప్ప వాములు కప్పేవాళ్ళు, బండ్లు కట్టేవాళ్ళు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది. అత్త లేదు. ఇంట్లో మామ, నా భర్త, నేను. నాకు పదిహేడేళ్ళు, పుట్టిల్లు నంద్యాల, ఓపిక అనేది నా జాతకంలోనే రాయలేదు.

యుద్ధం రోజులవి. నంద్యాలలో మా చెల్లెలి పెళ్ళి పెట్టుకున్నారు. పెళ్ళి సామాన్లతో నా భర్త ముందే బండి కట్టుకొని పోయాడు. పక్కింటి అవ్వ ఎట్లాగూ నంద్యాల పోతోంది కాబట్టి ఆమెతో నేను బస్సులో పోవాలి. ఆమె మూట, నా పెట్టె మూడు రోజుల నుంచి వాకిట్లోనే ఉన్నాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతేమో గానీ నా తల పగిలేటట్టు ఉంది. పగలంతా మంట, సాయంత్రం నుంచి ఉక్క. కట్టుకున్న చీర ఒంటికి అతుక్కుపోయేది. తొట్టిలో ఉప్పుకూ అదే చెమట. మామ రోజూ చెయ్యి పెట్టి చూసి, “తడి ఉండాది. రేపు చూద్దాంలేమ్మా” అనేవాడు.

ఆయన భయం నాకు తెలియనిది కాదు. దారంతా నల్లరేగడి. ఒక్క వాన పడితే బస్సు చక్రాన్ని వారం వదలదు. మధ్యలో వంతెన లేని వాగొకటి. పెట్రోలు కరువు కాబట్టి బస్సేమో బొగ్గు బస్సు, వెనక ఇనప పొయ్యి, బొగ్గు దొరికి అది రాజుకునేసరికి మధ్యాహ్నం. అన్నీ తెలుసు. కానీ తెల్లవారితే పెళ్ళికి ఒక్క రోజే. నా ఒక్కగానొక్క చెల్లెలి పెళ్ళిని ఉప్పు ఆపుతుందా? నాకు ఒళ్ళు మండింది.

తెల్లవారుజామున మామ బావి దగ్గరికి పోగానే లేచాను. తొట్టి పైన ఉన్న ఉప్పును చేటలోకి ఎత్తి వంటింట్లోకి పరుగెత్తాను. బాండ్లి పొయ్యి మీద పెట్టి ఉప్పు పోసి వేయించడం మొదలుపెట్టాను. అది ఊరుకుంటుందా! చిటపటమని పేలడం మొదలుపెట్టింది. మూత పెడితే మూతను ఎగరగొట్టింది. నేను గట్టిగా దగ్గుతూ, గిన్నెలు చప్పుడు చేస్తూ, దొంగతనమంతా చాటింపు వేసినట్టే చేశాను. ఇంతలో పెరట్లో మామ చెంబు పెట్టిన చప్పుడు. ఉప్పును తీసుకుపోయి తొట్టిలో గుమ్మరించి, తలుపు చాటుకు వచ్చి నిలబడ్డాను. గుండె రోకలి పోటు వేస్తోంది.

మామ వచ్చాడు, తొట్టిలో చెయ్యి పెట్టాడు. ఎప్పుడూ ఒక్క క్షణంలో తీసేవాడు. ఆ రోజు తీయలేదు. అట్లాగే ఉంచి తలుపు వైపు చూశాడు.

“వాన లేదు. పోయి రామ్మా” అన్నాడు.

నేను గాల్లో తేలిపోయాను! బస్సు మనిషితో మాట్లాడి వస్తానని బయటికి పోయినవాడు, వచ్చి తన నల్లగొడుగు నా చేతికిచ్చాడు. “ఎండకు” అన్నాడు. కుడిచేతిని తుండుగుడ్డలో చుట్టుకొని ఎడమచేత్తో ఇచ్చాడు. ఎడమచేత్తో గోరంత పసుపు కూడా ఇవ్వని మనిషి. అది నా కంట పడింది గానీ బుర్రకెక్కలేదు.

వింతగా ఆ రోజు బస్సు పొద్దున్నే కదిలింది. మొదటి అరగంట నా ఆనందానికి హద్దు లేదు. బొగ్గు మసి ముఖం మీద పడుతున్నా నవ్వుతూనే ఉన్నాను. తర్వాత కుడివైపు నల్లమల మీద మబ్బు లేచింది. ముందు దూదిపింజంత, కాసేపటికి కొండంత. తూనీగలు నేలకు దగ్గరగా ముసిరాయి. గాలి పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు తట్టింది నాకు: మామ మాట నా ఒక్కదానికేనా? వాన లేదన్నాడని ఊళ్ళో ఎన్ని వాములు కప్పకుండా వదిలేశారో! నా తొందరకు ఎవరి పశువుల మేత కుళ్ళుతుందో! ఇన్నేళ్ళ ఆయన మాట నా బాండ్లిలో మాడిపోయింది.

శిరివెళ్ల దగ్గర బస్సు ఆగితే, కండక్టరు పైకెక్కి సామాన్ల మీద టార్పాలిన్ కట్టడం మొదలుపెట్టాడు.

అవ్వ కిటికీలోంచి తల బయట పెట్టి అరిచింది. “ఏందిరా అది? వాన లేదని శెట్టి చెప్పె గదా!”

“యాడ చెప్పినాడవ్వా! పొద్దున్నే వచ్చి, మద్యానం మీద పెద్దవాన, బేగా వాగు దాటించండి అన్నె. ఆయప్పే బొగ్గుల మూట మోసకచ్చి ఇచ్చినాడు. ఊళ్ళో తనే చెప్పినాడంట, దోవలో రైతులకంతా కేకేసి చెప్పమన్నె. చెప్పుకుంటానే వస్తాండాం, ఈ బస్సు మోతలో నీకు యాడ వినపడ్తాది!”

“మరి ఈ పిల్లను ఎట్లా పంపిచ్చినాడురా?”

“నేనూ అదే అడిగితి. పెండ్లికి పోకుంటే మా కోడలు జన్మంతా ఉప్పును తిట్టుకుంటాదప్పా, అన్నె.”

వాడు నవ్వాడు, అవ్వ నవ్వింది. నేను మాత్రం గొడుగును ఒళ్ళోకి లాక్కున్నాను. ఉప్పు చెప్పిన నిజం ఊరందరికీ చెప్పి, నా అబద్ధాన్ని నాకే ఇచ్చి పంపాడు. సిగ్గుతో చచ్చిపోయాను. సంతోషంతో కూడా.

వాగు దగ్గరికి వచ్చేసరికి పట్టపగలు దీపాల వేళ అయింది. దుమ్ము లేచింది, మెరుపు కళ్ళ మీద కొట్టింది, వెంటనే ఫెళఫెళమని ఉరుము. చింతకాయంత చినుకులు పడ్డాయి. బస్సుకు పక్క తెరలు లేవు. నేను బస్సులోనే గొడుగు విప్పాను, అవ్వ అందులో దూరింది. “పోనీయ్ నాయనా, పోనీయ్!” అని బస్సంతా ఒకటే కేకలు. చక్రాలు రాళ్ళ మీద ఎగిరెగిరి గట్టెక్కాయి. మేము దాటిన కాసేపటికే ఎర్రనీళ్ళు ఆ రాళ్ళను ముంచేశాయి. నేను సిగ్గు మరిచిపోయి చప్పట్లు కొట్టాను.

తాళి కట్టే వేళకు చెల్లెలి పక్కన నేనే ఉన్నాను. పందిరి మీద వాన దంచుతోంది. తలంబ్రాలు తడిసి ముద్దలయ్యాయి. అంత గొప్ప పెళ్ళి నేను మళ్ళీ చూడలేదు.

దారి ఆరాక, పది రోజులకు ఆళ్లగడ్డ వచ్చాము. మామ తొట్టి దగ్గరే ఉన్నాడు. పెళ్ళి ముచ్చట్లన్నీ అడిగాడు, వాన మాట ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక, “మామా, ఆ పొద్దు ఉప్పు...” అని మొదలుపెట్టి ఏడ్చేశాను.

“దానికేందమ్మా! ఏపితే ఏపినావ్ లే” అన్నాడు. కుడిచెయ్యి చాపి, పైపొర లేచిపోయిన అరచేతిని చూపించాడు.

“రోంత సల్లారినాక పోసింటే బాగుండు.”