మాసమ్మ వేలు, మహేశ్వరమ్మ జాకెట్ ముక్క

"ఓనరమ్మ బొట్టు పెట్టి, చీర పెట్టి, సొంత ఆడబిడ్డ లెక్క సాగదోలితే, ఆ చీర కట్టుకొనే పోయి కేసు రాయించిందట మాసమ్మ."

బోరింగు దగ్గర కమలవ్వ ఈ మాట అన్నప్పుడు, బిందెలు నింపుకుంటున్న ఆడవాళ్లు పంపు కొట్టడం ఆపి మరీ విన్నారు. చిక్కడపల్లి మార్కెట్‌కి చేరేసరికి అది పట్టుచీర అయింది. ముషీరాబాద్‌లో ఉండే మాసమ్మ ఆడపడుచు చెవిన పడేనాటికి, దెబ్బ తగిలిన వేలికి ఓనరు బంగారు ఉంగరం కూడా తొడిగాడు.

మాసమ్మది పాలమూరు జిల్లా. పెళ్లయి, భర్త పెద్దులుతో పట్నం వచ్చిన కొత్తలో అతనితో పాటే ఇటుకలు మోసింది. రెండో కాన్పు తర్వాత నడుము పట్టేసింది. తట్ట నెత్తికెత్తుకుంటే కళ్లు తిరిగేవి. అప్పుడు నారాయణగూడలో దక్షిణామూర్తి బైండింగ్ షాపులో పని దొరికింది. అచ్చయి వచ్చిన కాగితాలను మడత పెట్టడం, వరుసలో పేర్చడం, మిషన్ కింద పెట్టి పిన్ను కొట్టడం. నీడన కూర్చుని చేసే పని. అశోక్‌నగర్‌లో తాముండే బస్తీలో అలాంటి పని ఇంకే ఆడమనిషికీ లేదు. ఆ సంగతి మాసమ్మ ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు కానీ, పొద్దున్నే గల్లీ దాటుతున్నప్పుడు ఆమె నడకలో తెలిసిపోయేది.

సర్కారు ఉద్యోగాలు పడ్డాయని ఊరంతా గైడ్లు కొంటున్న ఎండాకాలం అది. షాపులో చేతులకు తీరిక లేదు. పిన్ను మిషన్‌ను కాలితో తొక్కితే పైనున్న తల దిగి, తీగను కాగితాల్లోకి దించుతుంది. దాని స్ప్రింగు వదులైపోయి, కాలు తీసినాక కూడా ఒక్కోసారి ఆ తల మళ్లీ దిగేది. మాసమ్మ చెప్పింది. "ఈ ఆర్డర్ కానీ, చేయిస్తా" అన్నాడు దక్షిణామూర్తి. ఆర్డర్ అయ్యేలోపే పిన్ను మాసమ్మ కుడిచేతి ఉంగరపు వేలిలోంచి గోరు చీల్చుకుని బయటికొచ్చింది.

దోమలగూడ డాక్టరు పిన్ను తీసి కట్టు కట్టాడు. ఆ ఖర్చు దక్షిణామూర్తే పెట్టుకున్నాడు. కట్టు విప్పిన వారం, శుక్రవారం పూట అతని భార్య మహేశ్వరమ్మ షాపులోకి దిగి వచ్చింది. మిషన్ ముందు గుమ్మడికాయ కొట్టించింది. తర్వాత మాసమ్మను పిలిచి బొట్టు పెట్టి, అరటిపండ్లతో పాటు నెమలికంఠం రంగు జాకెట్ ముక్క చేతిలో పెట్టింది.

"మిషన్‌కు దిష్టి తీయించిన మాసమ్మా. ఇంక నీకేం భయం లేదు. మనసుల ఏం పెట్టుకోకు."

మాసమ్మ అందుకుని కళ్లకద్దుకుంది. బొట్టు పెట్టించుకుని జాకెట్ ముక్క తీసుకున్నాక, మనసులో ఇంకేమీ లేదని ఒప్పుకున్నట్టే. ఆ మాట ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు.

గాయం మానింది కానీ వేలు వంగలేదు. దాని కొసకు ఏదీ తెలిసేది కాదు. కాగితం ఒకటి లాగాననుకుంటే రెండు వచ్చేవి. ఒక పేజీ రెండుసార్లు పడిన గైడ్లు కోఠీ దుకాణాల నుంచి వాపసు వచ్చాయి. దక్షిణామూర్తి మడత పని మాన్పించి జిగురు పూయమన్నాడు, తర్వాత ఊడ్వమన్నాడు. ఆషాఢం వచ్చేసరికి, "పని తక్కువుంది, పిలిచినప్పుడు రా" అన్నాడు. పిలిచిన రోజులు తగ్గిపోతూ వచ్చాయి. పెద్దులు ఇంట్లో మూలకు వేసిన పాత తట్ట వైపు మాసమ్మ చూడడం మానేసింది.

వాళ్ల ఇంటి మేడమీద గదిలో ఉండి పరీక్షలకు చదువుకునే క్రాంతికుమార్ ఆ వేలు చూశాడు.

"అక్కా, పనిల దెబ్బ తగిలితే ఓనరు నష్టపరిహారం ఇయ్యాలె. చట్టం ఉంది. లేబర్ ఆఫీసుల అర్జీ పెట్టు, నేను రాసిస్త."

"గింత వేలికి గూడనా?"

"చెయ్యి మునుపటి లెక్క పని చేస్తలేదు గద."

పెద్దులు మధ్యలో అందుకున్నాడు. "పోలీసులొస్తరా?"

"పోలీసులెందుకొస్తరన్నా."

"రాకపోయినా, ఓనరు మల్ల పనికి పిలువడు."

"ఇప్పుడు రోజూ కారు పంపి పిలుస్తుండా?" అంది మాసమ్మ. అన్నది కానీ, ఆ పిలుపు కోసమే రోజూ పొద్దున తల దువ్వుకుని కూర్చుంటున్నది ఆమే. అర్జీ పెడితే అదీ ఉండదు. పెట్టకపోతే పోయిన వేలు ఊరికే పోయినట్టు, మళ్లీ ఇటుకలే గతి.

"జాకెట్ ముక్క తీస్కున్న గద, తమ్మీ" అంది చివరికి.

క్రాంతికుమార్ నవ్వాడు. "చట్టంల జాకెట్ ముక్క మాట యాడా లేదక్కా."

"చట్టంల లేకుంటే ఏంది, ఆమె కండ్లల్ల ఉంటది."

పోనీ తిరిగి ఇచ్చేద్దామంటే, బొట్టుతో ఇచ్చింది వాపసు ఇవ్వడం ఆ ముత్తైదువను చెప్పుతో కొట్టినంత పని. పెట్టెలో అడుగున పెట్టిన ఆ ముక్క, అన్నం తింటున్నా ఆమెకు గుర్తొచ్చేది.

శ్రావణంలో మొదటి శుక్రవారం కమలవ్వ పేరంటానికి పిలిచి జాకెట్ ముక్క పెట్టింది. పసుపు మీద నల్ల చుక్కలు, అంచున నూనె మరక.

"అవ్వా, ఇది నిరుడు నేను నీకు పెట్టిందే."

"తెలుసు లేవే. నాలుగిండ్లు తిరిగి నా తానికే వచ్చింది. కుట్టించుకునే రంగా అది?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంటికి వచ్చే దారిలో మాసమ్మ నవ్వు ఆగిపోయింది. పెట్టిన ముక్క పెట్టినామెకే తిరిగి చేరింది, ఎవరూ తప్పనుకోలేదు.

తర్వాతి శుక్రవారం కుంకుమ భరిణె, తమలపాకులు, అరటిపండ్లు పట్టుకుని షాపు మీదున్న మహేశ్వరమ్మ ఇంటి మెట్లెక్కింది.

"ఏం మాసమ్మా, ఇట్లొచ్చినవ్?"

"బొట్టు పెట్టిపోదామని, అమ్మా."

షాపులో పనిచేసే మనిషి మహేశ్వరమ్మకు బొట్టు పెట్టడం ఎన్నడూ లేదు. ఆమె గడప దగ్గరే కాసేపు నిలబడింది. శ్రావణ శుక్రవారం కుంకుమతో వచ్చిన ముత్తైదువను పొమ్మనడం ఆమె వల్ల కాలేదు. లోపలికి పిలిచి, పీట మీద కూర్చుని, నుదురు ముందుకు వంచింది.

మాసమ్మ ఉంగరపు వేలు కుంకుమలో ముంచింది. ఎంత అంటిందో, ఎంత ఒత్తుతున్నదో ఆ వేలికి తెలియలేదు. మహేశ్వరమ్మ తల వెనక్కి పోయింది. కుంకుమ ముక్కు మీద రాలింది. ఆమె మాసమ్మ మణికట్టు పట్టుకుని, మొదటిసారి ఆ వేలిని దగ్గరగా చూసింది. గోరు మళ్లీ మొలవలేదు. కొస రాయిలా ఉంది.

"ఇంకా తగ్గలేదా?"

"పుండు తగ్గిందమ్మా. గంతే."

మాసమ్మ పండ్లూ ఆకులూ ఆమె ఒళ్లో పెట్టింది. వాటి మీద నెమలికంఠం రంగు జాకెట్ ముక్క, పెట్టిన మడత పెట్టినట్టే. మహేశ్వరమ్మ దాన్ని గుర్తుపట్టింది.

"సోమవారం లేబర్ ఆఫీసుకు పోతున్నమ్మా. మీకు చెప్పి పోదామని."

మహేశ్వరమ్మ పైటకొంగుతో ముక్కు తుడుచుకుంది. పండ్లు గానీ, ముక్క గానీ వాపసు ఇవ్వలేదు.

"సారుకు నేను చెప్పను" అంది. "నువ్వే చెప్పుకో."

మాసమ్మ మెట్లు దిగింది. కింద పిన్ను మిషన్ దగ్గర ఇంకో పిల్ల కూర్చుని ఉంది. దక్షిణామూర్తితో మాట్లాడటానికి మాసమ్మకు నోరు రాలేదు. గోడ పట్టుకుని, చెప్పు సరిచేసుకుంటున్నట్టు కాసేపు వంగి నిలబడి, వచ్చేసింది.

సోమవారం క్రాంతికుమార్ రాసిన అర్జీ మీద వేలిముద్ర వేసింది. ఆ తర్వాత షాపు నుంచి పిలుపు రాలేదు. ఆఫీసు నుంచి కూడా ఇంకా ఏమీ రాలేదు. బోరింగు దగ్గర తను రాగానే మాటలు ఆగిపోతున్నాయని తెలిసినా, మాసమ్మ బిందె నింపుకుని వెళ్లిపోతుంది.

అర్జీ ఇచ్చిన రోజున ఆమె పెట్టెలో ఉన్నది కమలవ్వ పెట్టిన నల్లచుక్కల ముక్క ఒక్కటే. మహేశ్వరమ్మ పెట్టింది అంతకు మూడు రోజుల ముందే మహేశ్వరమ్మ ఇంటికి చేరింది.