పేరు లేని క్రీము డబ్బా

ఆవిడది ఉత్తరాల బట్వాడా. పద్దెనిమిదేళ్లు ఎండలో సైకిలు తొక్కేసరికి ముక్కు మీద, బుగ్గల మీద గోధుమరంగు చుక్కలు ముసురుకున్నాయి. వీధి పిల్లలు "చుక్కలమ్మా, మాకేమైనా వచ్చాయా?" అంటే నవ్వేసేది. ఆఫీసులో కొత్త గుమాస్తా ఒకడు "మీ మొహం మీద కూడా ముద్రలు కొట్టేశారేంటండీ?" అన్న రోజున మాత్రం అందరితోపాటు నవ్వి, అద్దం ముందు చాలాసేపు నిలబడిపోయింది.

పిన్ని కూతురికి బ్యూటీ పార్లరు ఉంది. ఇద్దరూ ఒకే కంచంలో తిని, ఒకే మంచం మీద పడుకుని పెరిగినవాళ్లు. ఆ సాయంత్రమే అక్కడికి వెళ్లింది.

"ఇన్నాళ్లూ నన్నడగలేదేం అక్కా? నేను లేనూ!" అంటూ చెల్లెలు అలమరలోంచి చిన్న తెల్ల డబ్బా తీసింది. దాని మీద ఏ పేరూ లేదు.

"ఇందులో ఏముందే?"

"అన్నీ మూలికలే. నీకు నేను విషమిస్తానా?"

నెల తిరక్కుండానే చుక్కలు వెలిసిపోయాయి. చెల్లెలు ఫొటో తీసి, పాతదాని పక్కన పెట్టి పార్లరు తలుపుకి అంటించింది. అక్క మురిసిపోయి, ఉత్తరాలిచ్చే ఇళ్లలో ముగ్గురిని తానే పార్లరుకి పంపింది.

నాలుగో నెలకి ఎండ తగిలితే చాలు, మొహం కారం పూసినట్టు మండేది. చర్మం ఉల్లిపొరలా పల్చబడి సన్నని ఎర్ర గీతలు తేలాయి. గడ్డం మీద నూగు మొలిచింది. రెండు రోజులు రాయకపోతే పొక్కులు.

పార్లరుకి వెళ్లి చూపిస్తే, "వేడి చేసుంటుందిలే, మానకు," అంటూ చెల్లెలు ఇంకో డబ్బా బల్ల మీద పెట్టింది.

పక్కనే ఉన్న చెల్లెలి కూతురు దాని మూత తీసింది. "అమ్మా, నా మొటిమల మచ్చలకి నేనూ రాసుకోనా?"

తల్లి ఆ చేతి మీద ఛెళ్లున ఒక్కటి వేసి డబ్బా లాక్కుంది. "ముట్టుకోకు! మొహం పాడైపోద్ది!"

అన్నాక నాలిక్కరుచుకుంది. అక్క వైపు చూడకుండా దువ్వెనలు సర్దసాగింది.

"అయితే నీకు తెలుసన్నమాట."

"అందరూ వాడేదే అక్కా... పోగొట్టమని అడిగింది నువ్వే కదా."

అక్క లేచి, తలుపు మీది తన ఫొటోలు రెండూ చింపుకుని బయటికి వచ్చేసింది.

చర్మ వైద్యురాలు డబ్బానీ, మొహాన్నీ చూసి నిట్టూర్చింది. "ఇందులో ఘాటైన స్టెరాయిడ్ ఉన్నట్టుందమ్మా. ఆపేద్దాం. కొన్ని వారాలు ఇంకా ఎర్రబడుతుంది, భయపడకండి, మందులిస్తాను. అయినా ఆ చుక్కలు జబ్బు కాదు. సన్‌స్క్రీన్, వెడల్పు టోపీ వాడితే ముదరవు. తగ్గించుకోవాలంటే వేరే క్రీములున్నాయి, లేజరుంది. కానీ చర్మం కోలుకున్నాకే. ఎండలో తిరిగితే మళ్లీ వస్తాయి కూడా."

మర్నాడు ఆవిడ తాను పంపిన ముగ్గురి ఇళ్లకీ వెళ్లి, మండుతున్న మొహం చూపించి, "నా మాట విని మోసపోయారు, డాక్టరుకి చూపించుకోండి," అని చెప్పింది. ఒకామె గుమ్మంలోనే ఏడ్చింది. ఇంకొకామె తిట్టింది. ఆ మాటలన్నీ పడింది.

కోలుకోవడానికి ఏడాది పట్టింది. చుక్కలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. లేజరు జోలికి వెళ్లలేదు.

ఒకరోజు పార్లరుకి రిజిస్టరు ఉత్తరం వచ్చింది. ఇవ్వక తప్పదు.

"ఇంకా కోపం పోలేదా అక్కా?" అంటూ చెల్లెలు ఎదురొచ్చింది.

అక్క పెన్ను అందించింది.

"ఇక్కడ సంతకం పెట్టండి మేడమ్."