వదిన రాసిన ప్యాటర్న్

ఆఫీసులో ఆమెను అందరూ జల్లెడమ్మ అనేవారు. వెబ్‌సైట్లో జనం ఏం టైపు చేసినా అందులోంచి కావలసిన ముక్కను పట్టుకునే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు రాయడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. మాటను మెలితిప్పి రాసినా, మధ్యలో చుక్కలు పెట్టి విడగొట్టినా, ఆమె రాసిన ఆ జల్లెడలాంటి ప్యాటర్న్ దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు.

అది అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీ. పక్క షెడ్డులో కోత మిషను మీద మరిది పనిచేసేవాడు. ఆ పని ఇప్పించింది ఆమే. భర్త పోయాక ఇంట్లో మిగిలింది అత్తా, మరిదీ, తనూ.

పనివాళ్లు సాధకబాధకాలు రాసుకోవడానికి కంపెనీ ఒక సైటు పెట్టింది. మొదట అందులో బూతులు కనపడకుండా ఆపమన్నారు. ఆపింది. కొన్నాళ్లకు మేనేజరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ప్రమాదం, మిషను బ్లేడు మీద మూత ఊడింది, చెయ్యి తెగుద్ది... ఇలాంటివి కూడా కనపడకూడదమ్మా. సరుకు కొనేవాళ్లు చూస్తున్నారు."

"రాసినవాళ్లు ఊరుకుంటారాండీ?"

"ఎవరు రాసింది వాళ్లకి కనపడనీ. మిగతావాళ్లకి వద్దు."

మనసు కలుక్కుమంది. అయినా చేసింది. చేయడమేమిటి, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసింది. ఎవరో 'ప్ర.మా.దం' అని రాస్తే దాన్నీ పట్టేసింది. మేనేజరు భేష్ అంటే లోలోపల మురిసిపోయింది కూడా.

ఒక మధ్యాహ్నం ఆ మిషను మరిది కుడిచేతి వేళ్లు తీసుకుపోయింది.

ఆస్పత్రిలో కట్టుతో పడుకుని అన్నాడు: "మూత ఊడిందని ఎన్నిసార్లు రాశాను వదినా! చదివి కూడా ఒక్కడూ నోరు మెదపలేదు, దొంగ వెధవలు."

ఊరుకుంటే గడిచిపోయేది. ఆమె వల్ల కాలేదు.

"వాళ్లు చదవలేదయ్యా. కనపడకుండా చేసింది నేనే."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఆ మాటలన్నీ ప్యాటర్న్‌లోంచి తీసేసింది. దాగిన రాతలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. షెడ్డంతా భగ్గుమంది. ఆ గోలకు మిషనుకు కొత్త మూత బిగించారు. సాయంత్రం మేనేజరు వచ్చాడు.

"ఆ మాటలు మళ్లీ పెడతావా, నీ పనికి ఇంకొకర్ని చూసుకోమంటావా?"

మరిది ఇక ఆ మిషను పట్టలేడు. ఇంట్లో సంపాదించే మనిషి తనొక్కతే. పళ్లు బిగబట్టి మళ్లీ పెట్టింది.

ఇప్పుడతను ఎడమచేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. సాయం చేయబోతే "వద్దు వదినా" అంటాడు. అంతకుమించి పలకడు. అత్తకు మాత్రం సంగతి తెలియదు. "వాడికి నీమీద ఎంత గౌరవమో, ఎదురుగా నోరెత్తడు" అని ఇరుగుపొరుగుకు చెప్పి పొంగిపోతుంటుంది.