సుల్తానుగారి సహనం

ఆ రోజుల్లో లోకాన్ని బాగుచేయడం మాకు ఆదివారం సాయంత్రాల పని. మిగతా ఆరు రోజులూ ఉద్యోగాలుండేవి మరి. నేను స్టీల్ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర కొత్తగా చేరిన సూపర్‌వైజర్ని. గోపాలపట్నం నుంచి బస్సులో వేలాడుతూ వెళ్లి, ఒంటినిండా దుమ్ముతో తిరిగొచ్చేవాణ్ణి. అయినా వన్ టౌన్‌లో మా కుర్రాళ్ల నాటక సమాజం గదిలో అడుగుపెట్టేసరికి నాకు ఎక్కడలేని ఠీవి వచ్చేసేది. ఎందుకంటే అక్కడ నేను సుల్తానుని.

నాటకం ఎప్పుడో పరదేశంలో రాసిన పాతది. మూడు మతాలవాళ్లు ఒకే ఊళ్లో కొట్టుకు చావకుండా ఎలా బతకాలో చెబుతుంది. మాకు నాటకాలు నేర్పే మాస్టారు దాన్ని తెలుగు చేశారు (ఆయన తెలుగు చేశాక అది మాకు ఇంకాస్త పరదేశీ అయింది). అందులో సుల్తాను ఓ ముసలి వర్తకుణ్ణి నిలదీస్తాడు, మూడు మతాల్లో ఏది నిజమని. ఆ వర్తకుడి జవాబే నాటకానికి ప్రాణం. ఆ వేషం మా సరంగుది. వాళ్ల నాన్న చేపల బోటు నడిపే సరంగు గనక వాడికీ ఆ పేరే ఖాయం చేశాం. వేట నుంచి వచ్చి, తల ఆరకుండానే రిహార్సల్లో నిలబడేవాడు. వాడు నోరు విప్పితే మేమంతా నోళ్లు మూసుకునేవాళ్లం. నాకు లోపల కుళ్లుగా ఉండేది, దాచడమెందుకు? "ఈ ఒక్క నాటకం మా అమ్మ సూస్తే సాలు బావా. సదువు మానేసినానని ఎంత ఏడిసిందో. నానూ దేనికో ఒకదానికి పనికొత్తానని తెలాల కదా" అనేవాడు.

ప్రదర్శన రోజు హాల్లో కుర్చీలు సర్దే పని కూడా సుల్తానుదే (మా సామ్రాజ్యంలో నౌకర్లు లేరు). అట్ట కిరీటం, దూది గడ్డం పెట్టుకుని అటూ ఇటూ పరిగెడుతున్నాను. ముందు వరుసలో, ముఖ్య అతిథి కుర్చీ పక్కనే, ఒళ్లో గుడ్డ కప్పిన సిల్వర్ తట్టతో ఒకావిడ కూర్చుని ఉంది. మన సిటీ బస్సుల్లో తెలిసిందేగా, చేపల తట్ట కనబడితే కండక్టరు కంటే ముందు మనమే అరుస్తాం. నా నోరు దానంతటదే అనేసింది: "అమ్మా, తట్టతోటి ముందర కాదు. ఎనక్కెల్లి కూకో."

"అలాగే బాబూ" అని ఆవిడ లేచింది. ఉతికిన చీర, తల్లో కనకాంబరాలు. వాసనా లేదు, పాడూ లేదు. నేనే కళ్లతో వాసన చూశాను.

నాటకం మొదలైంది. ఆ ఘట్టం వచ్చింది. "వర్తకా! ఏ మతము సత్యము?" అని గర్జించాను. సరంగు మాట్లాడడు. మరిచిపోయాడేమోనని గడ్డం చాటున మొదటి ముక్క అందించాను. వాడు నా వైపు ఒక అడుగు వేసి, హాలంతా వినబడేలా అన్నాడు: "మతాల సంగతి తరవాత సూద్దాం. ముందు మా అమ్మని ఎందుకు లేపేసినావో సెప్పు."

ఆవిడ వాళ్లమ్మని నాకప్పుడు తెలిసింది. తెర సందులోంచి వాడు అంతా చూశాడన్నమాట. జనం అదీ నాటకంలోదే అనుకుని చప్పట్లు కొట్టారు. తెర పక్కన మాస్టారు తల పట్టుకున్నారు. ఆ క్షణంలో సుల్తాను ఏం చేసినా చెల్లేది. నేను చేసిందేమిటంటే, ఊడిపోతున్న గడ్డాన్ని అదిమిపట్టి, "వర్తకా! మాట దాటవేయకుము! మా సహనమును పరీక్షింపకుము!" అన్నాను. ఇంకా పెద్ద చప్పట్లు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ చప్పట్లకి నాకు హాయిగా కూడా అనిపించింది.

సరంగు వేసిన అడుగు వెనక్కి వేసి, తన జవాబంతా చెప్పాడు, ఒక్క ముక్క తప్పకుండా. మనుషులంతా ఒక్కటే అని వాడు చెబుతుంటే హాల్లో కళ్లొత్తుకోనివాళ్లు లేరు. తెర పడ్డాక వాళ్లమ్మ లోపలికొచ్చి తట్ట మీద గుడ్డ తీసింది. పూర్ణా మార్కెట్లో కొన్న బంతిపూల దండలు, వేషం కట్టిన ప్రతివాడికీ ఒకటి. నా మెడలోనూ వేసి, "అచ్చం రాజులాగున్నావు నాయినా" అంది. "అమ్మా, ఇందాక..." అని నసిగాను. "ఎక్కడ కూకుంటే ఏటి బాబూ, మాకలవాటే" అంది నవ్వుతూ. నాలుగు తిట్టినా బాగుండేది.

తర్వాతి ఆదివారం సరంగు రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. వేటకెళ్లి ఉంటాడులే అనుకున్నాం. అలా అనుకోవడం సులువు కదా, నేనూ అనుకున్నాను. మా సమాజం గది నుంచి పదడుగులేస్తే వాళ్లిల్లు, వెళ్లలేదు.

ఇన్నేళ్ల తర్వాత మొన్న చేపల రేవులో ఎదురుపడ్డాడు. సొంత బోటు, నెరిసిన జుట్టు. అమ్మ ఎలా ఉందంటే, "బాగుంది. మావోడు ఒక్క నాటకం ఆడినాడని ఇప్పటికీ ఈదంతా సెప్తాది" అన్నాడు. నేను ఏళ్ల తరబడి తయారుచేసుకున్న క్షమాపణ మొదలుపెట్టగానే ఆపేశాడు. "అమ్మని లేపినందుకు కాదు బావా, అది తెలక సేసినావు. నానడిగినాక కూడా డైలాగు సెప్పినావు సూడు, అందుకే మరి నాటకాల జోలికి ఎల్లలేదు."

ఇంటికొచ్చి ఆనాటి ఫోటో తీశాను. కిరీటం ఒక పక్కకి జారి, లోకమంతా తన సొత్తన్నట్టు నవ్వుతున్న ఆ ఇరవై రెండేళ్ల సుల్తానుని చూస్తే నాకూ నవ్వొచ్చింది. పట్టుకుని చెవి మెలిపెట్టాలనీ అనిపించింది. వేదిక మీంచి హాల్లోకి నాలుగే మెట్లురా వెధవా, దిగలేకపోయావా?