అన్న పేరిట వదిలిన బొచ్చె

మాది పాకాల పక్కన పల్లె. చిత్తూరు వైపు నుంచి తిరుపతికి పోయే చుట్టాలందరికీ మా ఇల్లు దారిలోనే తగులుతుంది. కొండకు పోయేవాళ్ళు నీసు ముట్టరు. అందుకని పోయేటప్పుడు మా కుంటలో చేపల్ని చూసిపోతారు, వచ్చేటప్పుడు తినిపోతారు. ఈ ఏర్పాటు మా ఆయన పెట్టిందే. ఆయనకు చేపలు పెంచడంకన్నా చూపించడం మహా ఇష్టం.

చుట్టాలు బండి దిగీ దిగకముందే వల భుజాన వేసుకునేవాడు. ఎవరికి నచ్చిన చేపను వాళ్ళు ఏరుకోవాలి. తిరిగొచ్చినప్పుడు అదే చేపను పట్టి పెట్టాలి కాబట్టి గుర్తుగా తోక అంచును కత్తెరతో కొంచెం కత్తిరించి నీళ్ళలోకి విసిరేవాడు. మేనత్తదైతే తోక పైకొసన, చిన్నాయనదైతే కిందికొసన. "ఒక కటింగు షాపు పెట్టుకోరాదా" అని నేను ఎగతాళి చేస్తే నవ్వేవాడు. ఎండాకాలంలో ఆ గాయాలు వాటంతటవే మానిపోయేవి. అందుకని అందులో తప్పుందని మా ఇద్దరికీ తోచలేదు.

మా అన్న మాత్రం ఆ దారిన ఎన్నిసార్లు పోయినా మా ఇంటికి వచ్చేవాడు కాదు. అమ్మ దినాల్లో అన్నకూ మా ఆయనకూ మాటామాటా పెరిగింది. అప్పటి నుంచి నేను పుట్టింటికి పోతే పలకరించేవాడు గానీ మా గడప తొక్కింది లేదు. అలాంటి మనిషి ఒక మార్గశిరంలో, చలి బాగా ముదిరిన రోజుల్లో, కొండకు పోతూ కారు మా కుంట దగ్గర ఆపాడు. నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

మా ఆయన సంబరం ఇంతా అంతా కాదు. ఆ చలిలో మోకాటిలోతు దిగి, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వల లాగాడు. అన్న ఒక పెద్ద బొచ్చె చేపను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఇది నాది బావా. నేనొచ్చేదాకా ఎవురికీ పెట్టొద్దు."

"పప్పన్నమన్నా తినిపో అన్నా" అన్నాను నేను.

"పప్పు మా ఇంట్లో ల్యాదా పాపా? కొండ దిగినాక వస్తా. సంగటి కెలికి, నీ చేత్తో పులుసు పెట్టు" అని, ఇంట్లోకైనా రాకుండా గట్టు మీది నుంచే వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే మసాలా నూరిపెట్టి కుంట దగ్గరికి పోయాను. అన్న బొచ్చె గట్టు వారగా నీరసంగా తేలుతోంది. తోక కత్తిరించిన చోట, వల గీరుకున్న పక్కల్లో, దూది అతికించినట్టు తెల్లగా బూజు. వలలో పడి లేచిన మరికొన్ని చేపలూ అలాగే ఉన్నాయి. మా ఆయన తువ్వాలతో ఆ దూదిని తుడవబోయాడు. నేను చెయ్యి పట్టి ఆపి, తెలిసిన చేపల ఆఫీసరుకు ఫోన్ చేయించాను.

"తుడిస్తే ఇంకా చెడతాది" అన్నాడా ఆఫీసరు. "చేప ఒంటిమీది జిగురే దానికి కాపు. వల రుద్ది, పొడి చేతుల్తో పట్టి, కత్తెరేసి దాన్ని మీరే తీసేసినారు. బూజు నీళ్ళలో ఎప్పుడూ ఉంటాది. చలికి చేప నీరసించి గాయం మానదు, అదే దానికి సందు. చచ్చినవాటిని ఎప్పటికప్పుడు తీసెయ్యండి, మేత తగ్గించండి, బోరు నీళ్ళు వదలండి. పట్టినవాటిని ఉప్పునీళ్ళలో కాసేపుంచండి. చేప పక్కకు ఒరిగిందంటే మటుకు వెంటనే మంచినీళ్ళలోకి మార్చాల."

తొట్టిలో కల్లుప్పు కలిపాం. నేను చేతులు తడుపుకుని అన్న బొచ్చెను అందులో పట్టుకుని కూర్చున్నాను. ఎప్పుడు ఒరుగుతుందోనని దాన్నే చూస్తున్నాను. సరిగ్గా అప్పుడే అన్న ఫోన్ చేశాడు, మా ఆయనకు.

"బావా, నీ చేపకు బాగల్యా" అన్నాడు మా ఆయన, సిగ్గుతో చచ్చిపోతూ. "ఈ తూరికి వద్దులే. వచ్చే వారం రా, బ్రమ్మాండంగా చేసి పెడతాం."

"ఫోన్ ఈడియ్యి!" అని అరిచాను. నా రెండు చేతులూ ఉప్పునీళ్ళలో ఉన్నాయి. చేప అప్పుడే ఒరగడం మొదలుపెట్టింది. దాన్ని మంచినీళ్ళలోకి మార్చి లేచేసరికి ఫోన్ ఆయన జేబులోకి పోయింది.

"పులుసు తినాలని వచ్చే మనిషికి పప్పు పెడితే ఏం మర్యాద?" అన్నాడు.

"మా అన్న వచ్చేది చేప కోసమా?" అన్నాను. తిరిగి చేస్తే అన్న ఎత్తలేదు.

బొచ్చె బతికింది. ఆ సంగతి చెప్పి రమ్మంటే అన్న "సూస్తాంలే పాపా" అన్నాడు. తర్వాత పిలిచినప్పుడూ అదే మాట. ఉగాది ఇంకా రాలేదు, గుండెపోటుతో పోయాడు. కొండ దిగి ఫోన్ చేసిన రోజు కారు మా పల్లె మలుపు దాకా వచ్చిందని దినాల్లో వదిన చెప్పింది. నాకిష్టమని పెద్ద లడ్డు ప్రత్యేకంగా తెచ్చాడట. ఫోన్ పెట్టేసి, "సేప ల్యాకుంటే ఆ ఇంట్లో నాకు ముద్ద ల్యాదా?" అని కారు తిప్పించాడట. మా ఆయన మీద కోపం పోయిందంటే అబద్ధమవుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో కత్తెర లేదు, చూపించడం లేదు. చలికాలంలో వల ముట్టుకోం. కొండకు పోయేవాళ్ళెవరొచ్చినా పప్పన్నం పెట్టందే కదలనివ్వను. దిగినాక తింటాం అంటే నేను వినను.

ఎండలు ముదిరాక చేపలు పట్టిస్తాం. కత్తిరించిన తోక ఎప్పుడో మళ్ళీ పెరిగిపోయింది, అన్న బొచ్చె ఏదో మాకు తెలియదు. పెద్దది పడినప్పుడల్లా మా ఆయన చేతులు తడుపుకుని దాన్ని మెల్లగా ఎత్తి, తోక చూసి, నా వైపు చూస్తాడు.

"ఇది బావదేమో" అంటాడు. విసరకుండా, వంగి నీళ్ళలో వదిలేస్తాడు.