ఎడం చెయ్యి, ఏమనుకోకు

మా మనవరాలు అనిక ఎడమ అరచేతి అంచు ఎప్పుడూ బూడిదరంగులో మెరుస్తూ ఉంటుంది. బొమ్మ వేస్తూ చెయ్యి ఎడమనుంచి కుడికి జరుపుతుంది కనక, అప్పుడే గీసిన పెన్సిలు గీతలన్నీ ఆ అంచుకు అంటుకుపోతాయి. నిన్న మధ్యాహ్నం ఆ చేత్తోనే వచ్చి నా చొక్కా పట్టుకు లాగింది. మరక, పెన్సిలు పొడి వాసన రెండూ చొక్కామీద మిగిలాయి. కొన్నాళ్లుండి వెళదామని గుంటూరునుంచి వచ్చిన మా వియ్యపురాలు "సబ్బు పెట్టి నానబెట్టండి అన్నయ్యగారూ, పోతుంది" అన్నారు. చొక్కా నానబెట్టలేదు. ఆ వాసన పట్టుకుని నేనే పాత రోజుల్లో నానుతూ కూర్చున్నాను. ఈ శాన్ రామన్‌లోనే, మా వాళ్ల ఇంటికి నాలుగు వీధుల అవతల, సుభద్రగారి గరాజులో.

ఎనభైల నడుమ నాకు ఉద్యోగం పోయింది. నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇంజనీర్లు ఊహించిన వంతెనలను కాగితంమీద గీసి, పక్కన కాపిటల్ అక్షరాలతో కొలతలు రాసేవాణ్ణి. నా ఇంగ్లీషు నోటితో మాట్లాడితే ఎవరికీ అర్థమయ్యేది కాదు. చేత్తో రాస్తే మాత్రం అచ్చు వేసినట్టుండేది. ఆఫీసులో పనులు తగ్గినప్పుడు ముందుగా నన్నే పంపించారు, నేను అభ్యంతరం చెప్పినా వాళ్లకు అర్థం కాదనే ధైర్యంతో కాబోలు.

ఆ దీపావళికి ఇక్కడి తెలుగువాళ్లం ఒక స్కూలు హాలు తీసుకుని, ఇంటికొక వంట తెచ్చుకున్నాం. ఖాళీగా ఉన్నవాడికి ఏదో ఒక పని చెప్పాలి కనక, గిన్నెల ముందు పెట్టే చీటీలు నన్ను రాయమన్నారు. మన పిల్లలకు తెలుగు చదవడం రాదని ఇంగ్లీషులోనే రాశాను, వంతెన కూలిపోకుండా కొలతలు రాసినంత శ్రద్ధగా. పట్టుచీరమీద మగవాళ్ల స్వెట్టరు వేసుకున్న ఒక పెద్దావిడ బల్ల దగ్గర ఆగి "ఈ పులిహోర ఎవరిది?" అన్నారు. వండినావిడ సంబరంగా ముందుకొచ్చింది.

"నీది కాదమ్మా, బాగానే ఉండుంటుంది. పులిహోర అని రాసిందెవరు?"

నన్ను చూపించారు.

"మీరేం చేస్తుంటారు?"

"ప్రస్తుతానికి ఇదేనండి."

"అయితే సోమవారం మా ఇంటికి రా. నా దగ్గర బోలెడు నోళ్లున్నాయి, మాటలు పెట్టేవాళ్లు లేరు."

రెండు వాక్యాల్లో 'మీరు'నుంచి 'నువ్వు'కు దిగారు. నాకు ఉద్యోగం దొరికిందని అలా తెలిసింది.

సుభద్రగారిది బందరు. భర్త ఓడల ఇంజనీరు. ఆయన వెంట యొకొహామాలో చాలా ఏళ్లుండి, పిల్లలు చదివి పారేసిన బొమ్మల కథల పత్రికలు పట్టుకుని ఆవిడ జపాను భాష నేర్చుకున్నారు. ఇక్కడికి వచ్చాక శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక చిన్న ప్రచురణ సంస్థకు ఆ కథలను ఇంగ్లీషు చేసి ఇచ్చేవారు. మాంగా అనే మాట అప్పటికి ఇక్కడ ఎవరికీ తెలియదు. నేను మొదటిసారి విని, అదేదో కూరగాయ కాబోలనుకున్నాను. ఆవిడ గరాజులో కారుకు చోటు లేదు. కారు బయట ఎండలో, కథలు లోపల నీడలో. రెండు బల్లలు, కిందనుంచి దీపం వెలిగే ఒక గాజు బల్ల, సిరాలు, పాళీలు, కత్తులు. ఒరిజినల్ పేజీల ఫొటో ప్రతుల్లో బొమ్మల నోటి పక్కనుండే బుడగల్లోని జపాను మాటలను తెల్లసిరాతో చెరిపి, ఆ బుడగల్లో ఆవిడ ఇంగ్లీషును నేను రాయాలి. జపాను మాటలు నిలబడి ఉంటాయి, ఇంగ్లీషు మాటలు పడుకుని ఉంటాయి. నిలబడేవాళ్లకోసం చేసిన సన్నటి బుడగల్లో వీళ్లను పడుకోబెట్టడానికి నేను నానా అవస్థ పడేవాణ్ణి.

మొదటి నెలలో కాస్త చెయ్యి తిరిగిందనుకుని, ఒక జీ అక్షరానికి చిన్న తోక పెట్టాను. సుభద్రగారు కళ్లద్దాలు నుదుటిమీదకు నెట్టి పేజీ చూశారు.

"ఇదేమిటి, కోతా?"

"కొంచెం అందంగా ఉంటుందని..."

"చూసేవాడు నీ తోక పట్టుకునే పోతాడు, కథ పట్టుకోడు. నేను రాసినట్టూ తెలియకూడదు, నువ్వు రాసినట్టూ తెలియకూడదు. మన చెయ్యి కనపడకూడదు సుందరం." అని, తెల్లసిరా సీసా అందించి, "ఎడం చెయ్యి, ఏమనుకోకు" అన్నారు.

ఈ చివరి మాట ఆవిడకు ఊతపదం. ఎడం చేత్తో ఏదైనా ఇవ్వాల్సివస్తే మనవాళ్లందరూ అనేదే. ఆవిడ మాత్రం రోజంతా అంటూనే ఉండేవారు. ఎందుకింతసార్లు ఎడం చేత్తో ఇవ్వాల్సివస్తోందని నేను ఆలోచించలేదు. కత్తి కూడా ఆ చేత్తోనే పట్టేవారు. అదీ చూశాను, ఆలోచించలేదు. నా బుర్రకు అప్పట్లో బుడగల కొలతలే పట్టేవి.

మాకు ఎక్కువకాలం అన్నం పెట్టింది ఒక మిస్టరీ కథ. టోక్యోలో పేరుమోసిన బొమ్మల కథల చిత్రకారుడు ఒకాయన మొదటి సంచికలోనే తన బల్లమీద తల వాల్చి చనిపోతాడు. కాని వారం వారం ఆయన గీసిన కొత్త పేజీలు పత్రిక ఆఫీసుకు వస్తూనే ఉంటాయి. ఆయన సహాయకుడు, మెతకమనిషి, గీస్తున్నది ఎవరా అని వెతకడం మొదలుపెడతాడు. కథ జపానులో ఇంకా నడుస్తూ ఉంది. హంతకుడెవరో, అసలు హత్యో కాదో సుభద్రగారికీ తెలియదు. మేమిద్దరం ఇడ్లీలు తింటూ అనుమానితులను ఏరుకునేవాళ్లం. నేను ప్రతి నెలా ఎడిటరే అనేవాణ్ణి. జీతాలిచ్చేవాళ్లమీద అప్పట్లో నాకు అంత అభిప్రాయముండేది.

ఒకరోజు ఒక పేజీ చూసి అడిగాను: "వీళ్లందరూ ఎడం చేత్తో తింటున్నారేమిటండీ?"

ఆవిడ నవ్వారు. "ఇన్నాళ్లకు చూశావా? జపాను పుస్తకం కుడినుంచి ఎడమకు నడుస్తుంది. అమెరికావాడు అలా చదవలేడని మన పీటర్ పేజీలన్నీ అద్దంలో బొమ్మలా తిప్పి అచ్చేస్తాడు. దాంతో ఊరంతా పుర్రచేతివాళ్లే."

"మనకు కుడిచేది, అంటే తినేది, కనకనే అది కుడి చెయ్యి కదండీ."

"చెయ్యొక్కటేనా? కిమోనో కూడా చూడు. బతికున్నవాళ్లకు ఎడమ అంచు పైకి వస్తుంది, శవానికే కుడి అంచు పైకి. మన పుస్తకంలో హత్య జరక్కముందునుంచే అందరూ శవాలు."

పీటర్ అంటే మా ప్రచురణకర్త. మంచివాడే, ఎప్పుడూ తొందరలో ఉండేవాడు.

ఆఖరి సంచిక ఒక వానాకాలపు ఉదయం వచ్చింది. సుభద్రగారు బల్ల దగ్గర కూర్చుని చదవసాగారు. సగంలో ఫక్కున నవ్వారు. "చేతివాటం సుందరం, చేతివాటం! మన భాషలో ఒక్క మాట చాలేది. పాపం అతను ఇన్ని సంచికలు గీశాడు."

సంగతేమిటంటే, నీడలకోసం గీసే ఏటవాలు గీతల వాలును బట్టి, గీసిన చెయ్యి ఎడమదని సహాయకుడు పట్టుకుంటాడు. చనిపోయినాయనది కుడి చేతివాటం. గీసింది, మొదటినుంచీ గీస్తున్నది, ఆయన భార్య. ఆమె గీసినదానికి ఆయన తన పేరు పెట్టుకున్నాడు. మనవాళ్లు దొంగతనానికి మర్యాదగా వాడే చేతివాటం అది. హత్యేమీ లేదు, ఆయన గుండె ఆగి పోయాడు. నేను ఎడిటర్‌కు మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

తరవాతి పేజీలకు వచ్చేసరికి ఆవిడ నవ్వు ఆగింది. ఆ ఆరు పేజీల్లో ఒక్క మాట లేదు. ఒక చిన్నపిల్ల. తల్లి ఆమె ఎడం చేతిని గుడ్డతో నడుముకు కట్టేస్తుంది. పిల్ల కుడి చేత్తో తింటే అన్నం ఒళ్లో పడుతుంది. కట్టు విప్పాక, దుప్పటి కింద దూరి ఎడం చేత్తో పిట్టను గీస్తుంది. పెళ్లయ్యాక కూడా తలుపు వేసుకునే గీస్తుంది. భర్తకు తప్ప ఆమె గీయడం ఇంకెవరికీ తెలియకపోవడానికి కారణం ఆ గుడ్డే.

ఆవిడ పేజీలు సర్ది పీటర్‌కు ఫోన్ చేశారు. పుస్తకమంతా తిప్పేశాం కదా, ఇప్పుడు ఎడమ చెయ్యి కుడి చెయ్యిగా కనబడుతుంది, ఏం చేద్దాం అన్నారు. పీటర్ గొంతు పెద్దది. ఆవిడ రిసీవరు చెవికి ఎడంగా పట్టుకోవడంతో నాకూ వినబడింది.

"సింపుల్, సుబాద్రా. లెఫ్ట్ అన్నచోట రైట్ అని రాయించు. చిక్కుముడి ఎలాగూ విడిపోతుంది."

"మరి ఆ ఆరు పేజీలు? కుడి చెయ్యి కట్టేసే తల్లి ఎక్కడుంటుంది?"

"అవి తీసెయ్. డైలాగే లేదు, ఎవరూ మిస్ అవరు."

"నేను అవుతాను."

పీటర్ ఒప్పుకోలేదు. అలా చేయడం ఇష్టం లేకపోతే ఆఖరి సంచిక వేరేవాళ్లకు ఇస్తాననీ, అప్పుడు వచ్చే కథ కూడా వాళ్లకే వెళుతుందనీ మెల్లగానే చెప్పాడు. ఆవిడ కూడా అంతే మెల్లగా, శుక్రవారం పేజీలు పంపుతాను, చూసి నిర్ణయించుకో అన్నారు.

ఫోన్ పెట్టేసి చాలాసేపు తన ఎడం చేతిని బల్లమీద బోర్లించి చూసుకున్నారు. "మా నాయనమ్మ గుడ్డ కట్టలేదు. వేళ్లకు వేపనూనె రాసేది, నోటి దగ్గరకు వెళితే చేదు తెలుస్తుందని. బడిలో పలకమీద రాస్తే అందరూ నవ్వేవారు. కుడికి మారిపోయాను. ఇదిగో, కూరలు తరగడానికీ కాగితాలు కొయ్యడానికీ దీన్ని ఉంచుకున్నాను." కోపం లేదు, ఏ కూరకు ఎంత ఉప్పు పడుతుందో చెబుతున్నట్టు చెప్పారు. ఇన్నాళ్లూ నేను విన్న "ఏమనుకోకు"లన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, బల్లమీద చల్లారిన కాఫీ తాగేశాను. అది ఆవిడ కాఫీ.

ఆవిడ ఆలోచన తేలికైనదే. ఆఖరి సంచికను తిప్పకుండా, జపానులో ఉన్నట్టే, అటునుంచి తెరుచుకునేలా అచ్చెయ్యాలి. మొదటి పేజీలో పాఠకులకు రెండు వాక్యాలు రాయాలి. 'ఇంతవరకు మీరు ఈ కథను అద్దంలో చూశారు. ఇక అటునుంచి తెరిచి, ఉన్నదున్నట్టు చూడండి.' నేను పాళీ సిరాలో ముంచాను. ఆవిడ చెయ్యి చాచారు.

"అది నేను రాస్తాను."

"మీరా?"

"నీ అక్షరాలు మరీ బాగుంటాయి సుందరం. ఇది బాగుండకూడదు."

కుర్చీ సర్దుకుని, పాళీని ఎడం చేత్తో పట్టుకున్నారు. ఆ చెయ్యి అక్షరాలు మరిచిపోయి యాభై ఏళ్లు దాటి ఉంటుంది. చిత్తుకాగితాలమీద మూడు రోజులు రాసి పారేశారు. గురువారానికి రెండు వాక్యాలూ తయారయ్యాయి. అక్షరాలు ఏడేళ్ల పిల్ల రాసినట్టు వంకరగా, ఒకదానిమీద ఒకటి ఒరిగిపోతూ, చివర సిరా అలికి ఉన్నాయి. నా వృత్తిధర్మం ఊరుకోలేదు.

"ఆ ఎస్ ఒక్కటీ సరిచేస్తానండి."

"ముట్టుకోకు."

"మన చెయ్యి కనపడకూడదన్నారు కదా."

"ఈసారి కనపడనీ."

పేజీలు వెళ్లిపోయాయి. పీటర్ ఏమీ చెప్పలేదు. ఆవిడ ఫోన్ చెయ్యలేదు. పాళీలు కడిగి, సీసాలకు మూతలు పెట్టి, "నీకు వేరే పని ఏదైనా వస్తే చూసుకోవయ్యా" అన్నారు. నేను చూసుకోలేదు. రోజూ వెళ్లి, బుడగలు లేని బల్ల ముందు కూర్చుని వచ్చేవాణ్ణి. కొన్ని వారాలకు గుమ్మంలో అట్టపెట్టె దిగింది. కత్తితో టేపు కోసి, పైనున్న పుస్తకం తీశారు. ఇటువైపు తెరిస్తే కథ చివర ఉంది. తిప్పి అటునుంచి తెరిచారు. మొదటి పేజీలో ఒరిగిన అక్షరాలు, అలికిన సిరా. లోపల ఆరు పేజీలూ ఉన్నాయి. పిల్ల ఎడం చేత్తోనే పిట్టను గీస్తోంది.

పాఠకులు పాత సంచికలన్నీ బాత్‌రూమ్ అద్దం ముందు పట్టుకుని మళ్లీ చదివారట. అద్దం సంగతి మొదటినుంచీ కథలో భాగమేననుకుని, ఎంత తెలివైన ఎత్తు అని పీటర్‌కు తెగ రాశారు. కొన్నాళ్లకు పీటర్ ఒక సభలో ఆ ఆలోచన తనదేనని చెప్పాడని తెలిసింది. సుభద్రగారు విని "చూశావా, అతనికీ చేతివాటముంది" అన్నారు. వచ్చే కథ మాత్రం మాకే ఇచ్చాడు.

ఆ దశాబ్దం ముగుస్తుండగా ఆవిడ హ్యూస్టన్‌లో కూతురి దగ్గరకు వెళ్లిపోయారు. అప్పటికి చీటీలు, చిరునామాలు, కిరాణా సామాన్లు, అన్నీ ఆ పాళీతో ఎడం చేత్తోనే రాస్తున్నారు. గరాజు ఖాళీ చేసిన రోజున ఆ కలం తుడిచి నా ముందు చాచారు. ఎడం చేత్తో. అలవాటుకొద్దీ ఆ మాటకోసం ఒక క్షణం ఆగాను. ఆవిడ ఏమీ అనలేదు. తీసుకున్నాను.

ఆవిడ ఇప్పుడు లేరు. కలం నా దగ్గరుంది. నా చేతిలో అది పనికిరాదు. ఎడం చేతివాటానికి అరిగిన పాళీ, కాగితాన్ని గీరుతుంది, సిరా ఉమ్ముతుంది. నిన్న చొక్కామీద మరక చూశాక, పెట్టెలోంచి తీసి అనికకు ఇచ్చాను. సిరాలో ముంచి ఒక గీత గీసింది. గీరలేదు. ఇంకొకటి గీసింది. తరవాత పిల్లి, దాని మీసాలు.

"వావ్, ఇట్స్ సో స్మూత్ తాతా. ఇది ఎవరిది?"

"మా బాస్‌ది. ఆవిడ కథ చెప్తాలే."

కలం నాకు తిరిగి ఇవ్వబోయింది. పక్కనుంచి మా వియ్యపురాలు ప్రేమగానే, "కుడి చేత్తో ఇవ్వాలమ్మా తాతగారికి" అన్నారు. పిల్ల చెయ్యి గాలిలో ఆగింది, కలాన్ని రెండో చేతిలోకి మార్చుకోబోయింది.

ఈలోగానే నేను నా ఎడం చెయ్యి చాచాను.